కంబాలకొండలో కనిపించనివి లేనట్టేనా?

ఆదివారం పదింటికి విశాఖపట్నం శివార్లలోని కంబాలకొండ అడవి గేటు దాటి లోపలికి వెళ్లినవాళ్లకు సాధారణంగా కనిపించే సీతాకోకచిలుకలు కొన్నే. గడ్డిచామంతి పూల చుట్టూ పసుపుపచ్చని గ్రాస్ ఎల్లోలు, నీడపట్టున తాపీగా ఎగిరే బ్లూ టైగర్లు, ముదురు గోధుమరంగు కామన్ క్రోలు, కాలిబాట మీద రెక్కలు పరిచి ఎండ కాచుకునే లెమన్ పాన్సీలు. రెండు గంటలు తిరిగి, నాలుగు ఫొటోలు తీసుకుని, ఇక్కడ ఉన్నవి ఇవే అనుకుని బయటికి వస్తారు. వచ్చే నెల వెళ్లినా, పై ఏడు వెళ్లినా దాదాపు అవే కనిపిస్తాయి. దాంతో ఆ అభిప్రాయం గట్టిపడిపోతుంది.

జాతీయ రహదారిని ఆనుకుని సుమారు 70 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న ఈ అడవి ఒకప్పుడు విజయనగరం సంస్థానానిది. 2002లో వన్యప్రాణి అభయారణ్యం అయింది. చిరుతలు కూడా తిరిగే అడవి ఇది. ఆ చిరుతను ఎప్పుడూ చూడనివాళ్లు సైతం అది లోపల ఉందనే నమ్ముతారు. సీతాకోకచిలుక విషయానికి వచ్చేసరికి మాత్రం, కంటపడకపోతే లేనట్టేనని తేల్చేస్తారు. రంగురంగుల రెక్కలతో పట్టపగలు పూల మీద వాలే జీవి కనిపించకుండా ఎలా ఉంటుందన్న ధీమా మనది.

నిజానికి ఒక సీతాకోకచిలుక మన కంటపడకపోవడానికి ఒకదానితో ఒకటి సంబంధంలేని కారణాలు చాలా ఉంటాయి. అది ఎగిరే వేళకు మనం అక్కడ లేకపోవచ్చు. అది మన తలకు ముప్పై అడుగుల పైన బతుకుతూ ఉండొచ్చు. పూల జోలికే రానిది కావచ్చు. మనం వెళ్లిన నెలలో రెక్కల్లేని ప్యూపాగా, అంటే గొంగళిపురుగుకూ రెక్కల పురుగుకూ మధ్య కదలని దశలో, ఉండి ఉండొచ్చు. కళ్లముందే ఎగిరినా మరేదో అనుకుని మనమే వదిలేసి ఉండొచ్చు. ఇవన్నీ తీసేశాక మిగిలేదే అసలైన అరుదు. మనం మాత్రం అన్నిటినీ ఒకే గాటన కట్టేసి అరుదైనవి అంటున్నాం. ఆ ముడి విప్పితే తప్ప ఏ కొండ మీద ఏముందో, ఏది పోయిందో చెప్పలేం.

పొద్దు వాలాక మొదలయ్యే ఎగురుడు

అన్నిటికంటే సులువుగా అర్థమయ్యేది వేళ. సీతాకోకచిలుకలన్నీ ఎండలో ఎగిరేవే అనుకుంటాం. కామన్ ఈవెనింగ్ బ్రౌన్ పగలంతా చెట్ల కింద ఎండుటాకుల మధ్య రెక్కలు మూసుకుని కదలకుండా కూర్చుంటుంది. దాదాపు కాలు పెట్టేవరకు లేవదు. లేచినా పట్టుమని పది అడుగులు ఎగిరి మళ్లీ ఆకుల్లో కలిసిపోతుంది. పొద్దు గుంకాక, గుడ్డివెలుగులో దాని అసలు సంచారం మొదలవుతుంది. దీని గొంగళిపురుగు వరి ఆకులూ గడ్డీ తింటుంది. ఆకుపచ్చగా ఉండి, తల మీద రెండు కొమ్ముల్లాంటివి ఉంటాయి. వరి పండే చోటల్లా ఉండే జీవి ఇది. చాలామంది దాన్ని ఇంట్లో లైటు దగ్గర చూసి, ఏదో రెక్కలపురుగు అనుకుని తలుపు తీసి బయటికి తోలి ఉంటారు.

వైజాగ్ వీధుల్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. మన రోడ్ల పక్కన నీడ కోసం పెంచిన కానుగ చెట్టు లేత ఆకుల మీద కామన్ బ్యాండెడ్ ఆల్ గుడ్లు పెడుతుంది. ఇది స్కిప్పర్ల కుటుంబానిది. బొద్దుగా, గోధుమరంగులో ఉండి, చూపు అందుకోలేనంత వేగంగా దూసుకుపోతుంది. తెల్లవారగానే కాసేపు, సాయంత్రం కాసేపు చురుగ్గా ఉంటుంది. మిగతా పగలంతా ఆకు అడుగున తలకిందులుగా అతుక్కుని కూర్చుంటుంది. కానుగ చిగురు వేసిన రోజుల్లో ఆకులు కొరికినట్టు, ముడిచినట్టు కనిపిస్తే గొంగళిపురుగు ఇంట్లో ఉన్నట్టే. ఆ చెట్టు కింద రోజూ బండి పెట్టుకునేవాళ్లు కూడా రెక్కలొచ్చిన పెద్ద పురుగును ఏళ్ల తరబడి చూడకపోవచ్చు.

కంబాలకొండలోని పర్యావరణ పార్కులోకి సందర్శకులను పగటిపూటే అనుమతిస్తారు. అది సబబే. చీకటిపడే వేళ చిరుతలూ పాములూ ఉన్న అడవిలో మనం ఉండకూడదు. అందుకని ఈ సంధ్యాజీవులను అడవి లోపల వెతకడం కంటే అంచున ఉన్న పొలం గట్ల మీద, తోటల్లో, ఊరి చెట్ల దగ్గర వెతకడం మేలు. డిసెంబరులో మనకు ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. ఆ ముందు పావుగంట, తర్వాత పావుగంట ఒక గడ్డిపట్టు పక్కన నిలబడితే చాలు. ఎటూ తిరగనక్కర్లేదు.

తల పైన ఇంకో అడవి

రెండో కారణం ఎత్తు. ఇది వేళ కంటే చాలా పెద్ద సంగతి. ఉష్ణమండల అడవిలో ఆకులూ పూలూ ఎండా అన్నీ పైనే ఉంటాయి. ఆకులు తినే గొంగళిపురుగులకు పైనే తిండి, వాటి తల్లులకు పైనే పని. 1988లో ఫిలిప్ డెవ్రీస్ అనే శాస్త్రవేత్త కోస్టారికా వర్షారణ్యంలో చేసిన పరిశీలన ఒకటి ప్రచురించారు. కుళ్లిన పండు ఎరగా పెట్టిన వల ఉచ్చులను నేలకు దగ్గరగా కొన్ని, చెట్ల పైకప్పులో కొన్ని వేలాడదీస్తే, కింద పడే జాతులు వేరు, పైన పడే జాతులు వేరు అని తేలింది. నేల మీద నడిచే మనిషికి ఆ పై అడవి సగానికి సగం తెలియదన్నమాట.

మన అడవులు అంత ఎత్తైనవి కావు. కంబాలకొండది పొడినేలల అడవి, చాలాచోట్ల పొదలే ఎక్కువ. అనంతగిరి వైపు వెళితే మాత్రం చెట్లు ఎత్తు పెరుగుతాయి. అయితే పై అంతస్తు చూడ్డానికి అంత దూరం పోనక్కర్లేదు, మామిడితోట చాలు. పాత మామిడిచెట్టు కొమ్మల్లో బదనిక పట్టి ఉంటుంది. రైతుకది పరాన్నజీవి, కోసి పారేయాల్సిన తెగులు. సీతాకోకచిలుకలకు మాత్రం అదొక ఊరు. పసుపు ఎరుపు రంగులతో మెరిసే కామన్ జెజెబెల్ గుడ్లన్నీ బదనిక ఆకు అడుగున వరుసగా పేర్చి పెడుతుంది. రెక్కల వెనక సన్నని తోకలుండే నీలిరంగు పీకాక్ రాయల్ దాని మీదే పెరుగుతుంది. ఎర్రటి మచ్చలతో కనువిందు చేసే గాడీ బ్యారన్ గొంగళిపురుగుకూ బదనికే ఆధారం. ఈ మూడింటిలో జెజెబెల్ కిందికి పూల కోసం వస్తుంది కనుక అందరికీ తెలుసు. మిగిలిన రెండూ ఎక్కువగా పైనే ఉండిపోతాయి కనుక అరుదైనవిగా పేరుపడ్డాయి. చెట్టు ఒకటే, ఆకు ఒకటే, కిందికి దిగే అలవాటులో తేడా.

అదే మామిడిచెట్టులో కామన్ బ్యారన్ కూడా ఉండొచ్చు. దాని గొంగళిపురుగు మామిడాకు మధ్య ఈనె మీద నిడుపుగా పడుకుంటుంది. ఒంటి మధ్యన పసుపు గీత సరిగ్గా ఈనెలా, రెండు పక్కలా చీలిన ముళ్లు ఆకు మీదకు పరుచుకుని ఉంటాయి. వేలితో చూపించినా కొందరికి కనిపించదు. ఒక్కసారి కన్ను పట్టుకున్నాక మాత్రం ప్రతి మామిడిచెట్టునూ ఆగి చూడాలనిపిస్తుంది.

పై అంతస్తు జీవులను చూడాలంటే మూడు దారులున్నాయి. మొదటిది, మనమే ఎత్తుకు చేరడం. కొండవాలు మీది బాటలో కొన్నిచోట్ల లోయలోని చెట్ల నెత్తి మన కంటి ఎత్తుకు వస్తుంది. అరకు ఘాట్ రోడ్డులో అలాంటి మలుపులు కోకొల్లలు. బండి సురక్షితమైన చోట ఆపుకుని, దూరదర్శినితో ఆ చెట్ల తలలను అరగంట చూడండి. రెండోది, కొండ శిఖరం. చాలా జాతుల మగవి ఎండపూట గుట్ట కొనకు చేరి ఆడవాటి కోసం కాచుకుంటాయి. విడివిడిగా అడవంతా చెదిరి ఉండేవి శిఖరం మీద కలుసుకుంటాయి. సింహాచలం కొండల వరుసలో ఇలాంటి గుట్టలకు కొదవలేదు. మూడోది, వాటిని కిందికి రప్పించేదేమిటో తెలుసుకోవడం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

పూలకు రానివాళ్లు ఏం తింటారు

సీతాకోకచిలుక అంటే పూలు, పూలంటే తేనె. ఈ లెక్క సగం సీతాకోకచిలుకలకే సరిపోతుందేమో అనిపిస్తుంది అడవిలో కొన్నాళ్లు తిరిగితే. రాజా, నవాబ్ అని పిలిచే జాతులు పూల మొహం చూడవు. చెట్టు బెరడు చీలి కారే రసం, నేల రాలి పులిసిన పండు, పశువుల పేడ, అడవి జంతువుల మలం, చచ్చిన పీత, ఎలుక: వాటి విందు ఇదీ. కండబలం ఎక్కువున్న జీవులవి. రెక్క విసిరితే చప్పుడు వినిపిస్తుంది. మామూలప్పుడు చెట్టు కొన మీద కూర్చుని, పక్క నుంచి ఏది ఎగిరినా తరుముకొచ్చి, తిరిగి అదే కొమ్మ మీద అదే చోట వాలతాయి. పులిసిన పండు దొరికితే మాత్రం ఒళ్లు మరిచిపోతాయి. మనిషి మోకాళ్ల మీద కూర్చుని దగ్గరికి జరిగినా చలించవు.

బ్లాక్ రాజా గొంగళిపురుగు చింతాకు తింటుంది. ఉత్తరాంధ్రలో చింతచెట్టు లేని ఊరుందా? అయినా బ్లాక్ రాజాను చూశామనే వాళ్లు తక్కువ. చింతచెట్టు నీడలో కూర్చునేవాళ్లు పైకి చూడరు, అది కిందికి దిగదు. ఎండాకాలంలో జీడిమామిడి తోటల్లో పిక్క తీసుకుని పారేసిన పండ్లు కుప్పలుగా పడి పులుస్తుంటాయి. అరకు దారిలో పనసపండ్లు రాలి పగిలి ఉంటాయి. మన్యంలో జీలుగు కల్లు, మైదానంలో తాటికల్లు, ఈతకల్లు దించే చోట కుండ అంచుల్లో నురగ కారుతుంటుంది. ఆ వాసన గాలిలో కలిసిందంటే రాజాలు, నవాబులు, బ్యారన్లు, ఈవెనింగ్ బ్రౌన్‌లు అన్నీ వెతుక్కుంటూ వస్తాయి. పూలతోటలో రోజంతా నిలబడినా రానివి ఇక్కడ ఒక గంటలో కనిపించొచ్చు.

ఇంట్లో చేసుకోదగ్గ పని కూడా ఇదే. బాగా మగ్గిన అరటిపండ్లు, కాస్త బెల్లం కలిపి రెండు రోజులు మూతపెట్టి పులియనిచ్చి, పెరట్లో చెట్టు నీడన ఒక పళ్లెంలో పెట్టండి. చీమలు ఎక్కకుండా పళ్లెం కింద నీళ్ల గిన్నె ఉంచండి. అభయారణ్యంలో మాత్రం ఈ పని చేయకూడదు. అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ ఎర పెట్టడం, వలతో పట్టడం తప్పు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చాలా సీతాకోకచిలుక జాతులకు కూడా వర్తిస్తుంది.

తడి ఇసుక ఇంకో ఆకర్షణ. వాన వెలిసిన మర్నాడు వాగు ఒడ్డున కామన్ జేలు, ఎమిగ్రెంట్లు, బ్లూలు గుంపుగా ముక్కులు నేలకు ఆనించి కూర్చోవడం చూసే ఉంటారు. దాహం తీర్చుకుంటున్నాయి అనుకుంటాం. అవి వెతికేది నీటిలో కరిగిన ఉప్పును, ముఖ్యంగా సోడియంను. ఆకుల్లో సోడియం చాలా తక్కువ కాబట్టి, ఆకులు తిని పెరిగిన జీవికి అది కొరత. గుంపులో దాదాపు అన్నీ మగవే. తాము కూడబెట్టిన ఉప్పును జతకట్టేటప్పుడు బీజంతో పాటు ఆడదానికి అందిస్తాయి, అది గుడ్లకు చేరుతుంది. అందువల్ల వాగు ఒడ్డున కూర్చుని రాసుకున్న జాబితాలో ఆడవి కనిపించకపోతే ఆశ్చర్యపడాల్సిన పనిలేదు. అవి ఆ సమయానికి ఆహారపు మొక్క వెతుక్కుంటూ అడవి నీడల్లో ఉంటాయి.

రెక్కల్లేని నెలలు

నాలుగో కారణం ఋతువు. ఇందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది తేలిక. కొన్ని జాతులు ఏడాదిలో కొద్ది వారాలే రెక్కలతో ఉంటాయి. తెలుపు ఆకుపచ్చల మీద నల్లచారలు, కత్తిలాంటి పొడవాటి తోకలు ఉండే స్పాట్ స్వోర్డ్‌టెయిల్ అలాంటిది. ఆకురాల్చే అడవుల్లో నైరుతి రుతుపవనాలకు ముందు, తొలకరి రోజుల్లో గుంపులుగా వచ్చి తడి ఇసుక మీద వాలుతుంది. ఆ తరం గుడ్లు పెట్టి వెళ్లిపోతే, వాటి పిల్లలు ఆకులు తిని ప్యూపాలుగా మారి, మరుసటి ఏడు వేసవి వరకూ అలాగే ఉండిపోతాయి. అక్టోబరులో సర్వే చేసినవాళ్లకు ఆ అడవిలో స్వోర్డ్‌టెయిల్ ఉండదు. మేలో చేసినవాళ్లకు కుప్పలుతెప్పలుగా ఉంటుంది. ఇద్దరూ నిజమే చెబుతారు.

రెండోది ఇంకా అందమైన విషయం. ఒకే జాతి వానాకాలంలో ఒక రూపంతో, పొడికాలంలో ఇంకో రూపంతో పుడుతుంది. ఇందాకటి ఈవెనింగ్ బ్రౌన్‌నే తీసుకోండి. వానల్లో పుట్టిన తరానికి రెక్క అడుగున కళ్లలాంటి గుండ్రని మచ్చలు వరుసగా, స్పష్టంగా ఉంటాయి. చలికాలంలో పుట్టినదానికి ఆ కళ్లు చుక్కలుగా కుదించుకుపోయి, రెక్క అంచు వంకర తిరిగి, మొత్తం అచ్చం ఎండుటాకు. పక్కపక్కన పెడితే రెండు జాతులని ఎవరైనా ప్రమాణం చేస్తారు. కీటకశాస్త్రం తొలినాళ్లలో ఇలాంటి వాటికి వేర్వేరు పేర్లు పెట్టినవాళ్లూ ఉన్నారు.

రూపాన్ని నిర్ణయించేది గొంగళిపురుగు పెరిగే రోజుల్లోని వాతావరణం, అందులోనూ ఉష్ణోగ్రత ముఖ్యమైనది. దీని ఆఫ్రికా బంధువు బైసైక్లస్ అనే సీతాకోకచిలుక మీద జరిగిన పరిశోధనల్లో ఇది బాగా తేలింది. వెచ్చగా పెంచితే పెద్ద కళ్లు, చల్లగా పెంచితే చిన్న చుక్కలు. మన దగ్గర కార్తీకం దాటి చలి మొదలవడమంటే వానలు అయిపోయాయని గుర్తు. ఆ చల్లదనంలో పెరిగిన పురుగు ముందున్నవి ఎండుటాకుల నెలలని ఒళ్లంతా తెలుసుకున్నట్టు ఆ రూపం ఎత్తుతుంది. పచ్చగడ్డిలో కళ్ల మచ్చలు పనికొస్తాయి. బల్లి, పిట్ట, గొల్లభామ అసలు ఒంటిని వదిలి రెక్క అంచున ఉన్న ఆ మచ్చ మీద దాడి చేస్తే ఒక ముక్క పోయి ప్రాణం దక్కుతుంది. ఎండుటాకుల మధ్య మచ్చ ఉంటే దొరికిపోతుంది, అక్కడ కనిపించకుండా ఉండడమే రక్ష.

దీనివల్ల పరిశీలకుడికి కలిగే ఇబ్బంది చిన్నది కాదు. ఈవెనింగ్ బ్రౌన్‌కు బంధువులైన బుష్ బ్రౌన్‌ల గుర్తింపు చాలావరకు ఆ కళ్ల మచ్చల వరుస మీదే ఆధారపడి ఉంటుంది. జనవరిలో ఆ మచ్చలే లేకపోతే ఏ ఆధారంతో పేరు పెట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు అలాంటప్పుడు బుష్ బ్రౌన్ అని మాత్రం రాసి ఆగుతారు. అది సరైన పద్ధతి. తెలియని చోట జాతి పేరు అంటగట్టిన జాబితా ఖాళీ జాబితా కంటే ఎక్కువ చేటు చేస్తుంది.

చూసి కూడా చూడకపోవడం

కంటికి ఆని కూడా లెక్కకు రానివి ఇంకొన్ని. కరివేపాకు మొక్క ఉన్న ప్రతి ఇంటికీ వచ్చే కామన్ మార్మన్‌ను తీసుకోండి. మగది నల్లగా, వెనక రెక్క మీద తెల్లటి మచ్చల పట్టీతో ఉంటుంది. ఆడవి మూడు వేషాల్లో వస్తాయి. ఒకటి మగదానిలాగే. ఇంకొకటి కామన్ రోజ్‌లా. మూడోది క్రిమ్సన్ రోజ్‌లా. ఈ రోజ్ జాతులు రెండూ చిన్నప్పుడు ఈశ్వరి తీగ ఆకులు తిని, దానిలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ ముట్టుకోదు. విషం లేని మార్మన్ ఆడది ఆ వేషంతో బతికిపోతుంది. ఈ మూడు వేషాలనూ మార్చే పని డబుల్‌సెక్స్ అనే ఒకే ఒక జన్యువు చేస్తుందని బెంగళూరుకు చెందిన కృష్ణమేఘ్ కుంటే, ఆయన సహచరులు 2014లో నేచర్ పత్రికలో చూపించారు. మన పెరటి కరివేపాకు మీద పెరిగే జీవి ప్రపంచ జీవశాస్త్రంలో అంత పెద్ద ప్రశ్నకు జవాబు ఇచ్చింది. దీన్ని బడిపిల్లలకు మొక్క దగ్గర నిలబెట్టి చెప్పాలి.

వేషం పట్టేయడానికి ఒక గుర్తు ఉంది. ఒళ్లు చూడండి. అసలు రోజ్‌లకు ఒళ్లు ఎర్రగా ఉంటుంది. మార్మన్‌కు నల్లగా ఉంటుంది. రెక్కల మోసం ఒంటి దాకా రాలేదు. ఇలాగే నరమామిడి చెట్టు మీద పెరిగే కామన్ మైమ్ ఒక రూపంలో కామన్ క్రోలా, ఇంకో రూపంలో బ్లూ టైగర్‌లా ఎగురుతుంది. డనేయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది జిల్లేడు మీద పెరిగే ప్లెయిన్ టైగర్‌ను అనుకరిస్తుంది, దాని పిల్లలేమో పాయలకూర తింటాయి. బ్లూ టైగర్లే కదా అని లెక్కపెట్టకుండా వదిలేసిన గుంపులో మైమ్ ఒకటి ఉండే ఉంటుంది. బాగా తెలిసినదాన్ని రెండోసారి చూడడం బద్ధకమనిపిస్తుంది, కానీ దొరికేది అక్కడే.

వెంటపడడం కాదు, కాచుకోవడం

పై కారణాలన్నీ తెలిశాక పద్ధతి దానంతట అదే మారుతుంది. సీతాకోకచిలుక కన్ను వేల చిన్న కటకాల కూర్పు. బొమ్మ మనకంత స్పష్టంగా ఉండదు, కానీ దాదాపు చుట్టూరా చూస్తుంది, కదలికను ఇట్టే పసిగడుతుంది. అందుకని నెమ్మదిగా, వంగి, చేతులు ఊపకుండా వెళ్లాలి. అన్నిటికంటే ముఖ్యం, మన నీడ దాని మీద పడకూడదు. ఎగిరిపోతే వెంటపడొద్దు. కొమ్మ మీద కాపలా కాసే జాతి అయితే తిరిగి అక్కడికే వస్తుంది. నిలబడినచోటే నిలబడితే చాలు. పరుగెత్తితే అది వచ్చే దారిలో మనమే అడ్డు.

పొద్దుటి వేళ వాటి అవసరం ఒకటుంది. ఎగరడానికి వాడే కండరాలు తగినంత వేడెక్కాలి. ఆ వేడి ఎండ నుంచే రావాలి. డిసెంబరులో అరకులోయలో మంచు విడేదాకా ఏదీ కదలదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న చోటది, పైగా ఆ నెలల్లో చలి గట్టిది. ఎండ తాకిన మొదటి అరగంటలో రెక్కలు పూర్తిగా పరిచి ఆకుల మీద కూర్చుంటాయి. ఎంత దగ్గరికి వెళ్లినా లేవలేవు. పై రెక్కను తీరిగ్గా చూసే అవకాశం అదొక్కటే. తీరంలో ఉన్న కంబాలకొండలో ఆ వేళ ఇంకా ముందే అయిపోతుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే మార్గంగా తోచేది మొక్క దగ్గర కాచుకోవడం. పెద్ద పురుగు ఎటైనా ఎగురుతుంది, గుడ్డు పెట్టడానికి మాత్రం తన మొక్క దగ్గరికే రావాలి. తూర్పు కనుమల పొడి అడవుల్లో బిల్లుడు చెట్టు ఉన్నచోట కామన్ బ్యాండెడ్ పీకాక్ కోసం చూడండి. నల్లటి రెక్క మీద నీలం ఆకుపచ్చల పట్టీ ఎండ కోణం మారేకొద్దీ మారుతుంటుంది, ఆ మెరుపు రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు, పొలుసుల నిర్మాణం వల్ల వెలుతురు విరిగి వచ్చింది. సాధారణంగా గుంపులు గుంపులుగా కనిపించదు. బిల్లుడు చెట్టు గుర్తుపట్టలేనివాళ్లకు దాదాపు కనిపించదనే చెప్పాలి. అందువల్ల చెట్ల పేర్లు తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్లడం ఖరీదైన కెమెరా కంటే ఎక్కువ ఉపయోగం. మన్యం ఊళ్లలో పశువులు కాసేవాళ్లకు, అడవి సరుకు ఏరేవాళ్లకు తెలిసినన్ని మొక్కలు పుస్తకాలతో వచ్చే మనకు తెలియవు. ఏ చెట్టు ఆకును ఏ నెలలో పురుగు తింటుందో వాళ్లను అడిగితే చెబుతారు.

గొంగళిపురుగు దొరికితే పెద్దది దొరికినట్టే లెక్క, పైగా అది పారిపోదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు విశాఖ పరిసరాల్లో చాలా జాతులను గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా పెంచి, ఏ దశకు ఎన్ని రోజులు పడుతుందో, ఎంత ఆకు తింటుందో వివరంగా నమోదు చేసి ప్రచురించారు. ఇంత సహనంగా చేసిన పని మన ఊళ్లోనే జరిగిందని ఊరివాళ్లలో చాలామందికి తెలియదు. కొన్ని గొంగళిపురుగులను వెతకడానికి చీమలే దారి చూపిస్తాయి. దక్షిణ భారత అడవుల్లోని సెంటార్ ఓక్‌బ్లూ పురుగు మద్ది జాతి చెట్ల మీద పెరుగుతుంది. ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలకు తియ్యని ద్రవం ఇచ్చి, వాటి కాపలాలో బతుకుతుంది. ఎర్రచీమలు ఒకే ఆకు చుట్టూ ఊరికే తిరుగుతూ ఉంటే ఆ ఆకును ఒకసారి చూడాలి, కుట్టించుకోకుండా.

లేదని చెప్పాలంటే ఎన్నిసార్లు వెళ్లాలి

ఇక అసలు చిక్కు. కనిపించలేదు అన్న మాట నుంచి లేదు అన్న మాటకు ఎప్పుడు వెళ్లొచ్చు?

సీతాకోకచిలుకల లెక్కకు ప్రపంచమంతా వాడే పద్ధతి ఎర్నెస్ట్ పొలార్డ్ బ్రిటన్‌లో రూపొందించింది. అక్కడ 1976 నుంచి ఆ పద్ధతిలో లెక్కలు సాగుతున్నాయి. ఒక నిర్ణీత బాట, ఒకే వేగం, ముందు అయిదు మీటర్లు, అటూ ఇటూ రెండున్నర మీటర్ల లోపు కనిపించినవే లెక్క. ఎండ, గాలి ఇలా ఉండాలన్న నియమాలు ఉంటాయి. పచ్చికబయళ్లకు చక్కగా సరిపోయే పద్ధతి. దాన్ని ఉన్నదున్నట్టు మన అడవిలో వాడితే పైకప్పు జాతులు, సంధ్యవేళవి, పూలకు రానివి మొదటి నుంచే లెక్క బయట ఉండిపోతాయి.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక జాతి అడవిలో ఉంది. సరైన వేళకు, సరైన చోటికి వెళ్లినప్పుడు అది కనిపించే అవకాశం ఐదింట ఒకటి అనుకుందాం. ఒకసారి వెళితే కనిపించకుండా పోయే అవకాశం 80 శాతం. ఐదుసార్లు వెళ్లినా ఒక్కసారీ కనిపించని అవకాశం 33 శాతం. పదిసార్లకు దాదాపు 11 శాతం. ఆ అవకాశం 5 శాతం కంటే తగ్గాలంటే పద్నాలుగుసార్లు వెళ్లాలి. రెండు ఆదివారాలు తిరిగి వచ్చి లేదని రాసే నివేదికకు ఎంత బలం ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి. పొద్దు వాలాక ఎగిరేదాన్ని పదింటికి వెతికితే కనిపించే అవకాశం సున్నా. సున్నాను నూరుసార్లు వేసినా సున్నానే. అక్కడ ఇంకా ఎక్కువసార్లు వెళ్లడం మందు కాదు. వేళ మార్చాలి, ఎత్తు మార్చాలి, ఎర మార్చాలి.

దీన్ని ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. వైజాగ్ కొండలు వేగంగా మారుతున్నాయి. లేఅవుట్లు కొండ పాదాల దాకా వచ్చాయి, కొన్నిచోట్ల కొండనే తొలిచాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు పెద్ద చెట్లు ఎన్ని కూలాయో ఈ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. పైకప్పు పోయిన అడవిలో ఎండ నేలకు దిగుతుంది, గడ్డీ లాంటానా పెరుగుతాయి, ఎండను ఇష్టపడే జాతులు ఎక్కువ కనిపిస్తాయి. సీతాకోకచిలుకలు బాగానే ఉన్నాయని చూసినవాళ్లు సంతోషిస్తారు. లాంటానా పూలలో తేనె ఉంటుంది నిజమే. కానీ మన గొంగళిపురుగులకు ఆ ఆకు తిండి కాదు. మొదటి నుంచీ ఎవరూ చూడని పైకప్పు జాతులు, నీడ జాతులు తగ్గిపోతే ఆ సంగతి ఏ లెక్కలోనూ పడదు. ఉన్నట్టు రాసుకోనిది పోయినట్టు ఎలా తెలుస్తుంది?

ఒక ఋతువులో, పగటిపూట, నేల మీంచి చేసిన సర్వే ఆధారంగా ఇక్కడ ప్రత్యేకంగా కాపాడాల్సిందేమీ లేదని ఎవరైనా అంటే, ఆ మాటను ఒప్పుకోకూడదు. అలాగే, చిన్నప్పుడు చూసింది ఇప్పుడు కనిపించడం లేదు కాబట్టి అంతరించిందని బాధపడేవాళ్ల మాటనూ అదే గీటురాయి మీద పరీక్షించాలి. చిన్నప్పుడు మనం సాయంత్రాలు గడ్డిలో ఆడుకున్నాం. ఇప్పుడు అదే వేళకు ట్రాఫిక్‌లో ఉంటున్నాం.

అందుకే రాసుకునే పద్ధతి ముఖ్యం. ఏం చూశామన్నదే కాక తేదీ, వెళ్లిన వేళ, వచ్చిన వేళ, ఎండా మబ్బా, ఎంత దూరం నడిచాం, నేల మీద చూశామా చెట్ల తలల్లో చూశామా, ఏ మొక్క దగ్గర ఆగాం అన్నవి కూడా రాయాలి. ఫొటో తీస్తే రెక్క అడుగు భాగం, ఒళ్లు కనిపించేలా తీయాలి, గుర్తింపు ఎక్కువగా అక్కడే తేలుతుంది. ఐనాచురలిస్ట్, ఐఫౌండ్‌బటర్‌ఫ్లైస్ వంటి వేదికల్లో పెడితే తెలిసినవాళ్లు పేరు సరిచూస్తారు. 2020 నుంచి సెప్టెంబరును దేశమంతా సీతాకోకచిలుకల మాసంగా జరుపుకుంటున్నారు, ఆ నెలలో విశాఖ నుంచి చేరే ప్రతి నమోదూ విలువైనదే. కానీ సెప్టెంబరుతో ఆపితే స్వోర్డ్‌టెయిల్ చేతికి రాదు, ఎండుటాకు రూపమూ రాదు. మేలో ఒకసారి, జనవరిలో ఒకసారి అదే బాటలో నడవాలి. ఏమీ కనిపించని రోజు కూడా వేళతో సహా రాసి పెట్టాలి. ఫలానా బదనిక కొమ్మ కింద మార్చిలో ఉదయం ఏడు నుంచి ఎనిమిది వరకు నిలబడ్డాం, పీకాక్ రాయల్ కనిపించలేదు అన్న వాక్యం ఉంటే, ఆ తర్వాత వెళ్లేవాళ్లు ఎనిమిది దాటాక, ఇంకో కొమ్మ కింద నిలబడతారు.